ఊరి బయట వచ్చిన చూపు

మా మాదిగపల్లెలో చదువు రానోళ్లకు కూడా ఒక అంకె నోటికొచ్చు. రెండువేల రెండువందల ఇరవై రెండు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజులో బాప్తిస్మం పొందినవాళ్ల లెక్క అది. ఒంగోలు చుట్టుపట్ల ఏ బాప్టిస్టు గుడిలో వార్షికోత్సవం జరిగినా, ఏ అయ్యగారు ప్రసంగం ఎత్తుకున్నా ఆ అంకె రాక మానదు. మా నాయనమ్మ వాళ్ల తాత ఆ 2,222 మందిలో ఒకడు. ఆయన పేరు మాకు తెలీదు. అంకె మిగిలింది, పేరు పోయింది. ఈ సంగతి నన్ను చానా ఏళ్లు తొలిచింది.

లెక్కలు ఇంకా ఉన్నాయి. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని మా వాళ్లకు పని చూపించాడు. కరువున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం మతంలో కలిశారని రేపు ఎవరూ అనకూడదని ఆయన జాగ్రత్త. అయినా అన్నారు. మా తరం దాకా అంటూనే వచ్చారు. "పాలపొడి కిరస్తానం" అని బళ్లో నా పక్క బెంచీ పిల్లే నన్ను పిలిచేది.

గంజి సంగతి అటుంచుదాం. ఏట్లో మునిగి లేచొచ్చాక వాళ్లేం చేశారన్నది చూడాలి. కొత్తగా నమ్మినోళ్లకు మిషను మూడు కట్టుబాట్లు పెట్టింది. ఆదివారం పనికి పోవద్దు. చచ్చిన గొడ్డు తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. వినటానికి సండేస్కూలు మాటల్లాగానే ఉంటాయి. ఊళ్లో నిలబడి చూస్తే తెలుస్తుంది వాటి బరువు. కోతల రోజుల్లో ఆదివారం రానంటే రైతు ఊరుకుంటాడా? విగ్రహానికి మొక్కనంటే జాతరలో డప్పు కొట్టేదెవరు? ఇయ్యాల గొడ్డు తిననన్నోడు రేపు దాన్ని లాగటానికీ రాడేమోనని భయం. అందుకే ఊళ్లకు ఊళ్లు మా వాళ్ల మీద పడ్డాయి. నీళ్లు బంద్ చేశారు. పనులు మానిపించారు. కారంచేడుకు నూరేళ్ల ముందే మా పెద్దలు వారానికొక రోజు సమ్మె కట్టారు. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు ఆరాధన.

ఇంకో కథ కూడా గుళ్లో తరచుగా చెప్తారు. మొదట్లో పై కులాల వాళ్లు కొందరు, మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని అడ్డం తిరిగారు. దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో, ఒకరికి తెలీకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం కంటపడింది. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం. లోకం నీచమని తోసేసిన వాళ్లనే దేవుడు ఏరుకున్నాడని అక్కడుంది. ఈ కథను దొర భక్తిని మెచ్చుకోవటానికి చెప్తారు. నాకు మాత్రం ఎర్రగుంట్ల పేరయ్య గుర్తొస్తాడు. తాళ్లకొండపాడు మాదిగ ఆయన. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందే రాజయోగం గురువుల వెంట తిరిగి దేవుణ్ణి వెతికాడు. దొరసాని ఎమ్మా క్లౌ 1899లో అచ్చేయించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' పుస్తకంలో ఆ సంగతంతా ఉంది. అంటే దొర వచ్చి మాకు కళ్లు పెట్టలేదు. చెప్పులు కుట్టుకుంటా మా వాళ్లు అప్పటికే చూపు సారిస్తా ఉన్నారు. దొర మంచోడే, కాదనను. కానీ మా డప్పును చూసే దగ్గర మిషను చూపుకీ అగ్రహారం చూపుకీ పెద్ద తేడా లేదు. ఒకరు దయ్యం అన్నారు, ఒకరు మైల అన్నారు.

మా నాయనమ్మ బైబులమ్మ. తెల్లకోక, చంకలో సంచి, కాళ్లకు చెప్పుల్లేకుండా పల్లెపల్లెకూ తిరిగేది. నలభయ్యో ఏట అక్షరాలు నేర్చుకుంది. చదివేటప్పుడు వేలు పెట్టి ఒక్కో మాటనూ పొడిచి పొడిచి చదివేది, మాట పారిపోతుందేమోనన్నట్టు. ఆమె చిన్నతనంలో ఆదివారం పొద్దున పల్లెలో ఒక్క మనిషి కూడా పనిలోకి దిగేవాళ్లు కాదంట. నేను పుట్టేసరికి మా గుళ్లో ఆరాధన రాత్రి ఎనిమిదింటికి! పగలంతా పొగాకు పని. ఆకు కొట్టటం, కర్రలకు కట్టటం, బ్యారన్‌కు ఎత్తటం. చేతులకంటిన పొగాకు జిగట ఎంత కడిగినా పోదు. ఆ చేతులతోనే పాటల పుస్తకం పట్టుకునేవాళ్లం. నూరేళ్ల సమ్మె ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ చెప్పలేరు. ఎవరూ దానికి రోజు రాసుకోలేదు.

పెట్రోమాక్స్ లైటు కింద అయ్యగారు ఒకటే మాట అనేవాడు. "అందరూ కళ్లు మూసుకోండి, ప్రార్థన చేసుకుందాం." నా చిన్నప్పుడు గుళ్లో ఎక్కువసార్లు విన్న మాట అదే. తెరవండి అని మాత్రం ఎవరూ అనేవాళ్లు కాదు. ఆమెన్ అన్నాక మనంతట మనమే తెరుచుకోవాలి.

1984లో మా చిన్నాయన్ని బ్యారన్ దగ్గర గుంజకు కట్టేసి కొట్టారు. కూలి లెక్క అడిగినందుకు. ముగ్గురు కొట్టారు, ఊరంతా చూసింది. ఆ ఆదివారం అయ్యగారు రెండో చెంప చూపించే వాక్యం తీసుకున్నాడు. తీసుకుని ఊరుకోలేదు. చిన్నాయన్ని లేపి నిలబెట్టి, "కొట్టినవాళ్లను క్షమించానని సంఘం ముందర చెప్పు నాయనా" అన్నాడు. గుడి అరుగుకు సిమెంటు ఆ రైతే ఇచ్చాడు. ఆ సంగతి అయ్యగారికీ తెలుసు, మాకూ తెలుసు. చిన్నాయన లేచి నిలబడ్డాడు. వీపు మీద చొక్కా అంటుకుపోయి ఉంది. ఒక్క మాట అనలేదు. కాసేపు నిలబడి అట్టాగే కూచున్నాడు. ఆ మౌనాన్ని అయ్యగారు క్షమాపణ కింద లెక్కేసుకుని స్తోత్రం చెప్పించాడు.

ఆ రాత్రి నుంచి నేను గుడికి పోవటం మానేశాను. తొమ్మిదేళ్లు పోలేదు. అది సరైన పనేనని ఇప్పటికీ అంటాను. ఆ రాత్రి చిన్నాయన వీపును చూడగలిగిన దాన్ని ఆ గుళ్లో కూచోలేను.

తర్వాతేడు 1985 జులై. నేను ఒంగోల్లో డిగ్రీ చదువుతున్నాను. కారంచేడు గురించి ఈ పుస్తకం చదివే వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. మాదిగలు తాగే చెరువు నీళ్లను గలీజు చేస్తుంటే అడ్డుపడి, కొట్టబోతే తిరిగి బిందె ఎత్తిన తల్లి పేరు మున్నంగి సువార్త. మర్నాడు, జులై 17న, ఆరుగుర్ని చంపారు. చనిపోయిన వాళ్లలో మోషే ఉన్నాడు. చీరాల శిబిరంలో ఆ పేర్లు వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది. సువార్త అంటే గుళ్లో లేచి నిలబడి చదివే నాలుగు పుస్తకాలనుకున్నాను. ఆ సువార్త బిందె ఎత్తింది. ఈ మోషే సముద్రం దాటలేకపోయాడు. మా వాళ్ల పేర్లన్నీ బైబిల్లోంచే వచ్చాయి, మా కథ మాత్రం ఏ ప్రసంగంలోకీ రాలేదు. అట్టాంటప్పుడు ఆ పుస్తకం ఎవరిది?

ఆ రోజుల్లో అంబేద్కర్ని చదివాను. 'కులనిర్మూలన' చదివిన రాత్రి నిద్రపోలేదు. మీటింగుల్లో తిరిగాను, కరపత్రాలు పంచాను, గోడల మీద రాశాను. ఉద్యమం నాకు వెన్నెముక ఇచ్చింది. దాని రుణం తీరేది కాదు. కానీ ఒక సంగతి చెప్పాలి. మీటింగుల్లో కొందరు అన్నలు మా అమ్మ ప్రార్థనను వెక్కిరించేవాళ్లు. మతం మత్తుమందు, మీ అమ్మలు మత్తులో ఉన్నారు అనేవాళ్లు. తెల్లారగట్ల నాలుగింటికి లేచి మోకాళ్ల మీద కూచుని, కొట్టిన వాడి పేరూ కొట్టించుకున్న వాడి పేరూ వరసగా దేవుడికి అప్పజెప్పి, అయిదింటికి పొగాకు తోటలో ఉండే మనిషి మత్తులో ఉందంటే నాకు మింగుడుపడేది కాదు. అయ్యగారికి మేం ఆత్మలం. అన్నలకు మేం జనం. మనిషి ఇద్దరి కంటికీ ఆనేది కాదు.

1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మంది. నరికి, గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలవలో పారేశారు. శవాలను ఊరి నడిమధ్య పాతిపెట్టిన రక్తక్షేత్రం దగ్గరికి మేం కొందరం తర్వాత వెళ్లాం. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అవన్నీ ముందు ముందు జరగాల్సినవి. ఆ పొద్దు అక్కడ ఒక ముసలమ్మ నేల మీద కూచుని ప్రార్థన చేస్తోంది. కళ్లు మూసుకోలేదు. పైకి చూస్తా, గొంతెత్తి అడుగుతోంది. "అయ్యా, నువ్వు చూస్తానే ఉన్నావా? చూస్తంటే వాళ్లెవరో చెప్పు. చూడకపోతే ఇప్పుడన్నా చూడు. నేను కదల్ను." అంతే. అడగటం, ఆగటం, మళ్లీ అదే అడగటం. దేవుడి మీద కేసు పెట్టినట్టుంది.

నా పక్కనున్న అన్న తల తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేకపోయాను. నాకు తెలిసిన ప్రార్థన బతిమాలటం. ఈమె జవాబు అడుగుతోంది. అట్టా అడగాలంటే అవతల ఒకడున్నాడని ఎంత గట్టిగా నమ్మాలి! కీర్తనల గ్రంథంలో సగం ఇట్టాంటి ఫిర్యాదులేనని తర్వాత చదివితే తెలిసింది. జాషువా 1941లో గబ్బిలం చెవిలో చెప్పి శివుడి దగ్గరికి పంపిందీ ఇదే తరహా అర్జీ. ఆదికాండంలో హాగరు ఉంది. బానిసపిల్ల. యజమానురాలు పెట్టే బాధ పడలేక ఎడారిలోకి పారిపోయింది. దేవుడికి నువ్వు చూసేవాడివి అని పేరు పెట్టింది ఆమె. దేవుడికి పేరు పెట్టిన మొదటి మనిషి ఒక పనిమనిషి! ఏ గుళ్లో చెప్పారు మాకిది? చుండూరు నుంచి వచ్చాక రాత్రిళ్లు నాకు నిద్ర రాకపోతే ఆ ముసలమ్మ అడిగినట్టే అడగటం మొదలుపెట్టాను. గుడికి ఇంకా పోలేదు. కానీ మాట్లాడటం మొదలైంది. పోట్లాటతో మొదలైంది.

1993లో మా అమ్మకు రెండు కళ్లకూ పొర కమ్మింది. క్యాంపులో ముందు ఒక కన్ను కోశారు. కట్టు విప్పిన రోజు సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని నన్ను తేరిపార చూసి, "నీ మొహం మీద ఇన్ని గీతలెప్పుడొచ్చాయే అమ్మాయ్" అంది. ఇంటికొచ్చాక పెద్దక్షరాల బైబిలు తీసి మార్కు సువార్త ఎనిమిదో అధ్యాయం చదవమంది. బేత్సయిదా గుడ్డివాడి కథ.

ఆ కథ నాకు తెలిసిందే. యేసు వాడి చెయ్యి పట్టుకుని ఊరి బయటకు తీసుకుపోతాడు. కళ్ల మీద ఉమ్మేసి, చెయ్యి పెట్టి, ఏమన్నా కనిపిస్తుందా అని అడుగుతాడు. మనుషులు చెట్లలాగా కనపడతన్నారు, నడుస్తన్నారు అంటాడు వాడు. ఆయన మళ్లీ చెయ్యి పెడతాడు. అప్పుడు అంతా తేటగా కనపడుతుంది. చదవటం అయ్యాక అమ్మ అంది: "ఆయనకే రెండుసార్లు పట్టిందే. ఒక్కసారికి కాలేదు. మన పెద్దోళ్లకు మొదటిసారి అయింది. అయ్యగారు అక్కడే ఆగిపోయాడు. ఆయనకు మనం చెట్లం. మీ మీటింగోళ్లకూ అంతే. నువ్వన్నా రెండోసారి దాకా ఆగు."

మా అమ్మ రెండో క్లాసు చదివింది.

నేను ఆగి చూస్తే ఆ కథలో ఇంకా ఉంది. చూపు ఊళ్లో రాలేదు, ఊరి బయట వచ్చింది. మాదిగపల్లె ఎక్కడుంటుందో ఈ దేశంలో ఎవరికి తెలీదు? చూపు ఉమ్మితో వచ్చింది. పీష్వాల రాజ్యంలో, పూనాలో, అంటరానివాళ్లు ఉమ్మటానికి మెడలో ముంత కట్టుకుని తిరగాలని శాసనం ఉండేదని 'కులనిర్మూలన'లోనే ఉంది. ఉమ్మి నేలన పడితే నేల మైలపడుతుందంట. ఇక్కడ ఆ ఉమ్మే మందు. ఇరవయ్యేళ్లు విన్న కథలో ఇవి నాకు కనపడలేదు. అంబేద్కర్ చదివాక కనపడ్డాయి. అందుకే అంబేద్కర్ కావాలా, క్రీస్తు కావాలా అని ఎవరైనా అడిగితే నాకు ఆ ప్రశ్నే అర్థం కాదు. ఒకరు నా కంట్లో పొర తీశారు, ఇంకొకరు నాకు చూడాల్సింది చూపించారు. ఏది ఎవరు చేశారని అడిగితే ఒక్కోరోజు ఒక్కోలా చెప్తాను.

తర్వాత తెలిసింది, ఈ దారిలో పెద్దవాళ్లు ముందే నడిచారని. 1981లో బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో అర్వింద్ నిర్మల్ చేసిన ప్రసంగం నుంచి దళిత వేదాంతం దారి పడింది. యేసే దళితుడన్నాడాయన. మా గూడేల్లో ఆ మాట ఏ అయ్యగారి నోటా రాలేదు. సెమినరీలో చదివొచ్చిన కుర్ర అయ్యగార్లు కూడా ఊళ్లో కాలు పెట్టేసరికి మళ్లీ సిమెంటు లెక్కలే చూసుకునేవాళ్లు.

1993 క్రిస్మస్‌కు గుడికి పోయాను. వెనక తలుపు దగ్గర కూచున్నాను. విశ్వాసం ఒక్కరోజులో పెరిగిందని సాక్ష్యం చెప్పటం నాకు చేతకాదు. పొద్దున్నే లేస్తాను, ఒక పేజీ చదువుతాను, ముసలమ్మలా అడుగుతాను. కొన్నాళ్లు జవాబు ఉంటుంది, కొన్నాళ్లు ఉండదు. ఒక్క తేడా ఉంది. ప్రార్థనలో మనుషుల పేర్లు చెప్పి కళ్లు తెరిస్తే ఆ మనుషులు ఇంకా ఎదురుగానే ఉంటారు. చిన్నాయన కూలి లెక్క తొమ్మిదేళ్ల తర్వాత కూడా తేలలేదు. సంఘంలో లేచి అడిగాను. కొందరు లేచిపోయారు. ఇద్దరు ముసలోళ్లు నా వెనక నిలబడ్డారు.

చూడాల్సింది ఇంట్లోనే ఇంకా ఉంది. మా అన్నను మిషను బళ్లో వేసిన రోజు అయ్యగారు దగ్గరుండి క్రైస్తవుడని రాయించాడు. నన్ను సర్కారు బళ్లో వేసిన రోజు హెడ్మాస్టరు అడక్కుండానే హిందూ మాదిగ అని రాశాడు. వాడు బీసీ-సి, ఒక శాతం. నేను ఎస్సీ. ఒక కడుపున పుట్టి, ఒక గుళ్లో మోకరించి, ఒకే బ్యారన్‌లో పనిచేసినోళ్లం! 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాకు ఇదంతా పుణ్యం. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో అందులో కలిపారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతం షరతు తీసేయమంది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కేంద్రాన్ని అడుగుతూ తీర్మానం చేసింది. పేరా అట్టాగే ఉంది. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందని నమ్మేది ఆ పేరా ఒక్కటే. చుండూరులో కత్తులు పట్టినవాళ్లు బాప్తిస్మం సర్టిఫికెట్లు అడగలేదు. నా సర్టిఫికెట్టులో అబద్ధం ఉందని కొందరు విశ్వాసులు నన్ను దెప్పుతారు. అబద్ధం రాసింది ఆ పేరా. నేను దాని కింద బతుకుతున్నాను.

ఇక మాల మాదిగల సంగతి. గుంటూరు వైపు లూథరన్ గుళ్లలో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్టిస్టు గుళ్లలో మాదిగలు ఎక్కువ. మిషన్లు ఎవరు ముందొస్తే వాళ్లను చేర్చుకుంటా పోయాయి, గీత అట్టాగే గట్టిపడింది. 1994లో మా ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టినప్పుడు నేను దండోరా వైపే ఉన్నాను. మా వాటా మేం అడగటం న్యాయం. 2004లో కొట్టేసిన వర్గీకరణను 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెల్లుతుందంది. ఆ పొద్దు మా పల్లెలో డప్పు మోగింది. గుడి ముందరే మోగింది, పెద్దలెవరూ ఆపలేదు. కానీ మాలపల్లెలో పెళ్లికి పోయి భోజనం చెయ్యని మాదిగ విశ్వాసులు ఉన్నారు. మాదిగ పిల్లను కోడలిగా ఒప్పుకోని మాల పాస్టర్లూ ఉన్నారు. వాళ్లూ మేమూ ఒకరికొకరం ఇంకా చెట్లమే.

రెండేళ్లుగా బుధవారం రాత్రిళ్లు మా వసారాలో ఆడోళ్లం కూచుని చదువుకుంటున్నాం. పక్క మాలపల్లె నుంచి నలుగురు వస్తారు. మొదట్లో గడప దగ్గర కూచునేవాళ్లు, ఇప్పుడు చాప మీదికొచ్చారు. టీ మాత్రం వాళ్లలో ఒకామె ఇంకా తాగదు, షుగరంటుంది. నేను బలవంతం చెయ్యను. పోయిన నెల బేత్సయిదా కథ పెట్టుకున్నాం. కథ చివర్లో, చూపొచ్చినవాణ్ణి ఇంటికి పంపిస్తా, ఊళ్లోకి మాత్రం పోవద్దంటాడు యేసు. ఎందుకన్నాడని ఒక పిల్ల అడిగింది.

"పోతే మళ్లీ గుడ్డోణ్ణి చేస్తారని" అంది మా పెద్దామె.

"చూపొచ్చిన మాదిగోడంటే ఊరికి గిట్టదు గదా" అంది ఇంకొకామె.

టీ తాగని ఆమె చానాసేపటికి నోరు విప్పింది. "వాడి ఇల్లే ఊరి బయట ఉందేమో."

పొగాకు గ్రేడింగుకు పోయే కుర్రపిల్ల ఊరుకోలేదు. "అదంతా సరే పెద్దమ్మా, ఊళ్లోకి పోకపోతే రేపు పనెట్టా? పోవద్దన్నోడు కూలిస్తాడా?"

ఎవరం జవాబు చెప్పలేకపోయాం. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. తొమ్మిదైంది, కరెంటు పోయింది. మళ్లీ బుధవారం ఇక్కణ్ణుంచే ఎత్తుకుందామని లేచాం.